అర స్వరం పైన

హెడింగ్లీ, లీడ్స్
1974 జనవరి 28

అత్తయ్యా,

నువ్వు నాలుగు వాద్యాలకి రాసిన క్వార్టెట్ రికార్డయింది. అసలు ముక్క ముందే రాసేస్తున్నాను, లేకపోతే నువ్వు ఉత్తరాన్ని అడుగు నుంచి చదవడం మొదలుపెడతావు.

డేల్స్ కొండల్లో ఒక చర్చి దొరికిందని చెప్పాను కదా. గోడలు మందం, రోడ్డు దూరం, వాయించిన స్వరం గాల్లో కాసేపు నిలబడి మరీ దిగుతుంది. చలి మాత్రం ఎముకలు కొరికేసింది. గ్యాస్ హీటర్ ఉంది గానీ అది బుసకొడుతుంది, మైకులు ఆ బుసను పట్టేసుకుంటాయి. అందుకని వాయించే ముందు ఆర్పడం, ఆపగానే వెలిగించడం, నలుగురం దాని చుట్టూ మూగి చేతులు కాచుకోవడం. రెండు వయొలిన్లు, ఐలీన్ చెల్లో, నా వయోలా, అన్నీ వేళ్ల కొసలు కత్తిరించిన ఊలు తొడుగులతోనే మోగాయి. మా మొదటి వయొలిన్ గాడ్‌ఫ్రీ సంగతి నీకు తెలుసు. ముక్కు కారడం మొదలైతే ఆయనకి ఓపిక అయిపోతుంది. "ఈ దేశంలో మంచి సంగీతం రాసినవాళ్లంతా, జూన్ నెలలోనే రికార్డు చెయ్యాలని వీలునామా రాసి చావొచ్చు కదా!" అన్నాడు. "మా అత్తయ్య ఇంకా చావలేదు, నోరు కడుక్కో" అన్నాను.

బొగ్గు కొరతని వారానికి మూడు రోజులే కరెంటు అంటున్నారు కదా, మాకు చర్చి ఇచ్చిన రోజులు ఆ మూడింటిలో లేవు. సౌండ్ ఇంజనీర్ నార్మన్ ఒక డీజిల్ జనరేటర్ అద్దెకు తెచ్చి, చప్పుడు వినపడకుండా సమాధుల అవతలున్న గొర్రెల దొడ్డిలో పెట్టి, అక్కడి నుంచి తీగ లాగాడు. ఆ జనరేటర్ మీద నాకు ప్రేమ పుట్టింది. అది లేకపోతే ఈ ఉత్తరం లేదు.

ఎవరూ వాయించని బ్రిటిష్ క్వార్టెట్లు మూడు ఈ రికార్డులో ఉంటాయి. ష్రాప్‌షైర్ బడిపంతులు ప్రైడ్ రాసింది ఒకటి, కార్డిఫ్‌లో చర్చి ఆర్గన్ వాయించిన మోస్టిన్‌ది ఒకటి, నీది ఒకటి. వాళ్లిద్దరూ పోయారు. బతికున్నది నువ్వొక్కదానివే కాబట్టి నీ సంతకం ఒక్కటే కావాలి. నమూనా రికార్డూ అనుమతి కాగితమూ వెంట పంపుతున్నాను. రికార్డు కంపెనీ యజమాని పార్జిటర్ ఈస్టర్‌లోగా తయారీకి పంపాలని తొందరపడుతున్నాడు.

ముప్పై తొమ్మిదిలో లీడ్స్‌లో దాన్ని ఒక్కసారి వాయించారు. నెల తిరక్కుండా యుద్ధం వచ్చింది. ఆ తర్వాత ఆ కాగితాలు నీ మంచం కింద పెట్టెలో పడున్నాయి. ఈసారి మళ్లీ మంచం కిందకి పోనివ్వను. నా పంతం అనుకో, ఏమైనా అనుకో.

విని ఎలా ఉందో రాయి. తిట్టాలనిపిస్తే తిట్టు.

నీ మేనకోడలు
బెరిల్


విట్‌బీ
ఫిబ్రవరి 4

ఒసే బెరిల్,

తిట్టమన్నావు కాబట్టి మొదలుపెడుతున్నాను.

నా క్వార్టెట్‌ని అర స్వరం పైకెత్తమని ఎవరు చెప్పారు? నేను రాసింది డి మైనర్‌లో. నువ్వు పంపిన రికార్డులో అది ఇ-ఫ్లాట్‌లో మొదలై ఇ-ఫ్లాట్‌లోనే ముగిసింది. ముందు నా గ్రామఫోన్‌నే అనుమానించాను. రికార్డు చంకలో పెట్టుకుని పక్కింటి మిసెస్ వెర్రిల్ దగ్గరికి వెళ్లి వాళ్ల గ్రామఫోన్ మీద వేశాను. అక్కడా అంతే. "బావుంది ఎనిడ్, కాస్త దిగులుగా ఉంది గానీ" అంది ఆవిడ. ఆవిడకి కచేరీకీ కెటిల్ కూతకీ తేడా తెలియదు, అది వేరే సంగతి.

మీరు తప్పు వాయించారని అనను. మొదటి భాగంలో నీ వయోలా, వేలు ఆనించకుండా వట్టి తీగ మీద మోగుతుంది. వట్టి తీగ మోత ఎలా ఉంటుందో నాకు తెలుసు, అది వట్టి తీగే. అంటే మీ వేళ్లు ఉండాల్సిన చోటే ఉన్నాయి. తప్పు యంత్రానిది. ఆ గొర్రెల దొడ్డిలో జనరేటర్ నీరసంగా తిరిగి ఉంటుంది, దానితోపాటు టేపు కూడా నెమ్మదిగా నడిచి ఉంటుంది. ఇప్పుడు మామూలు కరెంటు మీద వేస్తే పరిగెత్తి పైకి పోయింది. ఇది తెలుసుకోవడానికి ఇంజనీరు చదువు అక్కర్లేదు, రెండు చెవులుంటే చాలు. నీ నార్మన్‌కి అవి ఉన్నాయో లేవో కనుక్కో.

అర స్వరమేగా, ఎవరికి తెలుస్తుందిలే అంటావేమో. నాకు తెలుస్తుంది. సొంత ఇంట్లో మెట్ల ఎత్తు మార్చేస్తే ఎలా ఉంటుందో, వింటున్నంతసేపూ నాకు అలా ఉంది. ఒక్క స్వరం కూడా నేను పెట్టిన చోట లేదు.

సంతకం పెట్టను. ఇన్నేళ్లు మంచం కింద పడున్నది ఇంకొన్నాళ్లు పడి ఉంటుంది. తప్పు శ్రుతిలో ఊరంతా తిరగడం కంటే దానికి అదే మర్యాద.

మీ అత్తయ్య
ఎనిడ్

తా.క. పియానో శ్రుతి చేసే కోల్‌ని మానిపించాను. ఎన్నిసార్లు చెప్పినా తీగలు ఎక్కువ బిగిస్తున్నాడు. వేరే అతన్ని పిలిపిస్తే అతనూ అంతే. ఈ కాలంలో ఎవరికీ పని మీద శ్రద్ధ లేదు.


హెడింగ్లీ, లీడ్స్
ఫిబ్రవరి 11

అత్తయ్యా,

నీ ఉత్తరం మేం సాధన చేసుకుంటుండగా వచ్చింది. పైకి చదివాను. గాడ్‌ఫ్రీ నవ్వాడు. నార్మన్ నవ్వలేదు. "మీ అత్తయ్యగారు నా జనరేటర్‌ని చూడనైనా లేదు, విట్‌బీలో కూర్చునే దాని నాడి పట్టేశారే!" అన్నాడు. నేను నీ చెవి గురించి చెప్పాను. నువ్వు సంగీతం చెప్పిన బడిలో పిల్లలు కావాలని చెంచా కింద పడేస్తే, అది ఏ స్వరంలో మోగిందో చెప్పి, ఆ తర్వాత పడేసినదాని వీపు మీద ఒకటిచ్చేదానివని చెప్పాను. మా ఇంట్లో తలుపు కిర్రుమంటే "ఎఫ్-షార్ప్, నూనె వెయ్యి" అనేదానివని చెప్పాను. నార్మన్ ఆ మాట పట్టుకుని వెళ్లిపోయాడు. సాయంత్రానికి వాడిన మొహంతో వచ్చాడు. జనరేటర్ మీద మీటరు ఉందట గానీ, మేం వాయిస్తున్నంతసేపూ దాని ముందు ఎవరూ కూర్చోలేదట.

మా నలుగురిలో ఎవరికీ నీలాంటి చెవి లేదు. ఎవరో ఒకరు మొదటి స్వరం ఇస్తే తప్ప అది ఏమిటో చెప్పలేం. అందుకని నువ్వు చెప్పింది నిజమే అయ్యుంటుందని అందరం ఒప్పుకున్నాం. అసలు టేపులు మాంచెస్టర్‌లో ఉన్నాయి. గురువారం నేనూ నార్మన్ వెళ్లి, కొడితే ఎప్పుడూ ఒకే స్వరం పలికే శ్రుతిదండం పక్కన పెట్టుకుని వింటాం. తప్పని తేలితే మళ్లీ ఆ చర్చికి వెళ్తాం, మళ్లీ ఆ హీటర్ చుట్టూ మూగుతాం. ఐలీన్ కొత్త తొడుగులు అల్లడం మొదలుపెట్టింది కూడా.

ఒక్క విషయం దాచకుండా చెప్తాను. పార్జిటర్ ఫోన్ చేశాడు. "మీ అత్తయ్యగారికి ఇష్టం లేకపోతే బలవంతం ఎందుకమ్మా, ప్రైడ్‌దే ఇంకోటి ఉందిగా, అది వేసేద్దాం. చచ్చినవాళ్లతో ఈ గొడవ ఉండదు" అన్నాడు. నీది లేకుండా ఈ రికార్డు రాదని చెప్పి ఫోన్ పెట్టేశాను. అలా అనే హక్కు నాకు లేదు, అయినా అన్నాను.

బెరిల్


విట్‌బీ
ఫిబ్రవరి 15

బెరిల్,

పార్జిటర్‌కి బాగా చెప్పావు. నువ్వు మా అన్నయ్య కూతురివే.

ఇక్కడ వారంగా పొగమంచు. వంతెన అవతల చేపల రేవు కూడా కనపడటం లేదు. లైట్‌హౌస్ దగ్గర పొగమంచు బాకా పగలూ రాత్రీ అరుస్తూనే ఉంది. అదే, ఊళ్లో అందరూ ఎద్దు అంటారే, అది. నాకు ఊహ తెలియక ముందు నుంచి ఆ ఎద్దు ఒక్క స్వరంలోనే అరుస్తోంది. ఊయల్లో ఉండగా నేను నేర్చుకున్న మొదటి స్వరం అదేనని మా అమ్మ చెప్పేది. ఇప్పుడు దాన్ని కూడా పైకి జరిపారు! అక్షరాలా అర స్వరం. కొత్త బాకా బిగించారేమో, పాతదాన్నే చెడగొట్టారేమో. లైట్‌హౌస్ వాళ్లకి గట్టిగా ఉత్తరం రాశాను. మిసెస్ వెర్రిల్ మొగుడు పుట్టినప్పటి నుంచి పడవ మీద ఉన్నవాడు, ఆయన్ని అడిగితే "అది ఎద్దు లాగే అరుస్తోంది మిస్ స్కెల్టన్, ఇంకెలా అరుస్తుంది" అన్నాడు.

చర్చికి వెళ్లడం కూడా మానేశాను. ఆర్గన్‌ని ఏదో బాగుచేశారట, పాడైంది. మనిషి గొంతు దానికి అందక పాపం పాడేవాళ్లంతా కీచుగా పాడుతున్నారు. ఈ ఊళ్లో ఒక్కొక్కటీ పైకి జరుగుతోంది, ఎవరికీ పట్టదు. చివరికి నేనొక్కదాన్నే కాపలా కాస్తున్నట్టుంది.

నార్మన్ టేపు సంగతి ఏం తేలిందో రాయి. తప్పని ఒప్పుకుంటే నేను అతన్ని ఇంకేమీ అననని చెప్పు.

అత్తయ్య


హెడింగ్లీ, లీడ్స్
ఫిబ్రవరి 22

ప్రియమైన అత్తయ్యకి,

ఎలా ఉన్నావు? ఒంట్లో బావుందా? ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. ఎన్నికల గొడవతో ఊరంతా కాగితాలే కాగితాలు. ఐలీన్ తొడుగులు పూర్తి చేసింది, నీకు కూడా ఒక జత అల్లింది, చాలా బావున్నాయి.

మాంచెస్టర్ వెళ్లొచ్చాం. టేపు విన్నాం. ఆ విషయం ఉత్తరంలో కంటే మనిషి ఎదుట మాట్లాడితేనే బావుంటుందనిపించింది. వచ్చే శనివారం బస్సులో వస్తాను, ఆదివారం ఉండి వెళ్తాను. నువ్వేమీ శ్రమ పడకు. వంట నేను చేస్తాను.

కోల్‌ని ఎప్పుడు మానిపించావు? నిరుడా, అంతకుముందా? ఊరికే అడుగుతున్నాను.

ప్రేమతో
బెరిల్


విట్‌బీ
మార్చి 5

ఏమే,

నువ్వు "ప్రియమైన అత్తయ్యకి" అని రాసిన రోజే నాకు అనుమానం వచ్చింది. నన్ను అలా పిలిచింది ఒక్కసారే, పన్నెండేళ్లప్పుడు, లయ కొట్టే నా మెట్రోనోమ్ పగలగొట్టి.

వచ్చావు. కిప్పర్ చేపలు వేయించావు, మాడ్చావు. పొయ్యిలో బొగ్గులు కదిపిన చోటే కదిపావు. "టేపు సంగతేమిటి?" అని నేను అడిగిన ప్రతిసారీ "తర్వాత చెప్తాలే, ముందు టీ తాగు" అన్నావు. ఇంతకాలానికి నాకు టీ తాగమని చెప్పేదానివయ్యావు. శనివారం నేను గిన్నెలు కడుగుతూ కూనిరాగం తీస్తుంటే తలుపు దగ్గర దొంగలా నిలబడ్డావు. ఆదివారం నేను పెరట్లో ఉండగా పియానో దగ్గర చేరి ఒక్కొక్క మీటే నొక్కావు. నీ చేతిసంచిలో శ్రుతిదండం ఉండటం నేను చూశాను. చెవులే అనుకున్నావేమో, నాకు కళ్లు కూడా ఉన్నాయి.

బస్సు ఎక్కేటప్పుడు నన్ను పట్టుకుని ఏడ్చావు. ఎందుకు ఏడ్చావు? నాకేదైనా రోగమని డాక్టరు నీతో చెప్పాడా? పార్జిటర్ మోసం చేశాడా? టేపు తగలబడిందా? ఏదైనా సరే, చెప్పి తీరాలి. చిన్నపిల్లకి చెప్పినట్టు బెల్లం పూసి చెప్పకు. నేను నిన్ను అలా పెంచలేదు.

ఎనిడ్


హెడింగ్లీ, లీడ్స్
మార్చి 9

అత్తయ్యా,

సరే. నువ్వు పెంచినట్టే రాస్తాను.

టేపులో తప్పు లేదు. నార్మన్ టేపు వేశాడు, నేను శ్రుతిదండం మోగించాను, రెండూ కలిసిపోయాయి. నమ్మలేక ఇంకో దండం తెప్పించాం, అదీ కలిసింది. నా వయోలా తీసి టేపుతోపాటు వాయించాను. మేం వాయించింది డి మైనర్, టేపులో ఉన్నది డి మైనర్, నీకు పంపిన రికార్డులో ఉన్నదీ డి మైనరే. జనరేటర్ పాపం బుద్ధిగా తిరిగింది.

నీ ఇంటికి వచ్చి నీ పియానో చూశాను. అది సరిగ్గా ఉంది. కోల్ ఏమీ చెయ్యలేదు. నువ్వు గిన్నెలు కడుగుతూ నీ క్వార్టెట్‌లో రెండో భాగం పాడుకున్నావు. నేను తలుపు దగ్గర నిలబడి దండం చెవి దగ్గర పెట్టుకున్నాను. నువ్వు రాసిన దానికంటే అర స్వరం కింద పాడావు, మొదటి నుంచి చివరి దాకా, ఒక్క చోట కూడా తడబడకుండా. ఎద్దు జరగలేదు అత్తయ్యా. ఆర్గన్ జరగలేదు. జరిగింది నీ చెవి.

ఇది జబ్బు కాదు. చెవి డాక్టరుని కలిశాను. ఏ స్వరం విన్నా పేరు చెప్పగలిగేవాళ్లకి వయసు మీద పడ్డాక ఒక్కోసారి ఇలా అవుతుందట, అన్నీ ఉన్నదానికంటే పైకి వినిపిస్తాయట. మామూలు చెవులవాళ్లకి అది తెలియనే తెలియదు. నీకు అంత చెవి ఉండబట్టే ఇంత బాధ. మందు లేదని చెప్పాడు.

ఈ మాట నీ ఎదుట కూర్చుని చెప్పాలనే వచ్చాను. నోరు రాలేదు. నువ్వు పియానో మీద చెయ్యి వేసి "దీన్ని కూడా చెడగొట్టారే" అన్నప్పుడు టీ పెడతానని లేచి వంటింట్లోకి వెళ్లిపోయాను. పిరికిదాన్నై తిరిగొచ్చాను.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఈ ఉత్తరంతో ఇంకో రికార్డు వస్తోంది. నార్మన్ టేపుని నెమ్మదిగా నడిపించి, సరిగ్గా అర స్వరం దించి, ఒకే ఒక్క ప్రతి చేశాడు. ప్రపంచంలో నీ చెవులకి తప్ప ఇంకెవరికీ అది సరిగ్గా వినిపించదు. దాన్ని "తప్పు దిద్దాం" అని చెప్పి పంపమన్నాడు గాడ్‌ఫ్రీ. "ముసలావిడ సంతోషిస్తుంది, సంతకం పెడుతుంది, అందరికీ మంచిది. ఇందులో పాపమేముంది?" అన్నాడు. నార్మన్, ఐలీన్ కూడా సరేనన్నారు. నేను ఒప్పుకోలేదు. నీకు అబద్ధం చెప్పి తెచ్చుకున్న సంతకం నాకొద్దు. కానీ ఆ రికార్డు మాత్రం పంపుతున్నాను. నీ సంగీతాన్ని నువ్వు రాసిన చోట ఒక్కసారైనా వినాలని నాకుంది.

సంతకం నీ ఇష్టం. నాకు మాత్రం కావాలి. ఎంత కావాలో చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఈ రికార్డు కోసం మూడేళ్లుగా కంపెనీల గుమ్మాలు తొక్కాను. ఎవరి క్వార్టెట్లు అని అడిగిన ప్రతిచోటా నీ పేరు చెప్పాను, ప్రతిచోటా "ఎవరావిడ?" అన్నారు. ఇంకెవరూ ఆ మాట అనకూడదు.

బెరిల్


హెడింగ్లీ, లీడ్స్
మార్చి 29

అత్తయ్యా,

నీ దగ్గర నుంచి జవాబు లేదు. మిసెస్ వెర్రిల్‌కి ఫోన్ చేస్తే, "పాలు తీసుకుంటోంది, పొగగొట్టంలోంచి పొగ వస్తోంది, నాతో మాత్రం మాట్లాడటం లేదు" అంది. బతికున్నావు కదా, ప్రస్తుతానికి అది చాలు.

పార్జిటర్ ప్రైడ్ రెండో క్వార్టెట్ కాగితాలు పంపాడు. మేం నలుగురం సమావేశమయ్యాం. నేను మాట్లాడకముందే ఐలీన్ లేచి, "ఎనిడ్ గారిది ఉంటేనే నేనుంటాను. లేకపోతే మూడూ వద్దు, టేపులు చెరిపెయ్యమనండి" అంది. గాడ్‌ఫ్రీ గొణిగాడు, ముక్కు తుడుచుకున్నాడు, చివరికి చెయ్యెత్తాడు. ప్రైడ్ కాగితాలు తిప్పి పంపేశాం. ఈస్టర్ దాకా ఆగుతానని పార్జిటర్ విసుక్కుంటూ ఒప్పుకున్నాడు.

ఇది నీ మీద ఒత్తిడి తేవడానికి రాయడం లేదు. అబద్ధం, అందుకే రాస్తున్నాను.

బెరిల్


విట్‌బీ
ఏప్రిల్ 6

ఒసే బెరిల్,

నీ ఉత్తరం అందగానే పొయ్యిలో పడేశాను. రికార్డుని కూడా పడేసేదాన్నే, పొయ్యి చిన్నదైపోయింది.

నిన్ను నమ్మలేదు. మాంచెస్టర్‌లో అందరూ కలిసి నార్మన్‌ని కాపాడటానికి ఈ కథ అల్లారనుకున్నాను. నా దగ్గర కూడా శ్రుతిదండం ఉందని నీకు తెలియదు. కాలేజీలో మా మాస్టారు బహుమతిగా ఇచ్చారు. దాని అవసరం నాకేమిటని ఆ రోజే సొరుగులో పడేశాను. ఇప్పుడు తీసి మోకాలికి కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నాను. 'ఎ' అనాల్సింది, అర స్వరం పైన బి-ఫ్లాట్ అంది. రెండో చెవి దగ్గర పెట్టుకున్నాను. అదీ అంతే. కిటికీ తీసి, కుర్చీ కోడుకి కొట్టి, స్నానాల గదిలో తలుపేసుకుని, ఎన్ని రకాలుగా అడిగినా అదే మాట. మనుషులు నా మీద కక్ష కట్టారంటే నమ్ముతాను గానీ, ఉక్కుముక్కకి నా మీద ఏం కక్ష ఉంటుంది?

అప్పుడు ఏడ్చానే. కూర్చుని బాగా ఏడ్చాను. మీ నాన్న పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు. నాకు అందం లేదు, మొగుడు లేడు, పేరు రాలేదు. వీటిలో దేనికీ నేను బాధపడలేదు, ఎందుకంటే నాకు చెవి ఉంది. ఏ గదిలోకి అడుగుపెట్టినా ఆ గదిలో అందరికంటే నేను ఎక్కువ వింటున్నానని తెలిసేది. అది కూడా పోయిందంటే ఇంకేం మిగిలిందని చాలా రోజులు మంచం మీదే ఉన్నాను. మిసెస్ వెర్రిల్ సూపు తెచ్చి గుమ్మంలో పెట్టి పోయేది. సూపు బాగాలేదు.

తర్వాత లేచాను. కోల్ ఇంటికి వెళ్లి, తప్పు నాదేనని చెప్పాను. "మీరు మానిపించిన రోజు మా ఆవిడ చర్చిలో కొవ్వొత్తి వెలిగించింది మిస్ స్కెల్టన్" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. లైట్‌హౌస్ వాళ్లు నా ఉత్తరానికి మర్యాదగా జవాబిచ్చారు, దాని సంగతి ఎక్కడా ఎత్తకు.

నిన్న నీ నెమ్మది రికార్డు వేశాను.

అది డి లో మొదలైంది బెరిల్. ప్రతి స్వరం నేను పెట్టిన చోటే ఉంది. నీ వయోలా ఆ వట్టి తీగ మీదికి వచ్చినప్పుడు నేను పైకే "అదీ!" అన్నాను, ఖాళీ ఇంట్లో. ఇన్నాళ్లకి నా ఇంట్లో సంగీతం వంకర లేకుండా నిలబడింది. మొదటి భాగమంతా చేతులు కట్టుకుని కదలకుండా విన్నాను. నార్మన్‌కి నా తరఫున చెప్పు, అతనికి చెవులున్నాయని.

కానీ మూడో భాగం వచ్చేసరికి నాకు కాలు ఆడటం మొదలైంది. ఏమిటిలా ఈడుస్తున్నారు, నిద్రపోతున్నారా అనుకున్నాను. నేను అందులో రాసింది, హెర్రింగ్ చేపల పడవలు వచ్చిన రోజున ఆడవాళ్లంతా బుట్టలతో రేవుకి పరిగెత్తే పరుగు అది. అది తడి ఊలు కట్టుకుని నడుస్తున్నట్టుంది. శ్రుతి దించితే లయ కూడా దిగిపోతుంది కదా, ఆ సంగతి వినేదాకా నాకు తట్టలేదు. మీ తప్పు కాదు, మీరు అలా వాయించలేదు. ఈ ప్రతిలో మీరు లేరు. నా చెవిని బుజ్జగించడానికి మిమ్మల్ని నలుగుర్నీ ఈడ్చారు.

అప్పుడు మొదటి రికార్డు తీశాను. స్వరలిపి ఒళ్లో పెట్టుకుని, పళ్లు బిగించి, మొదటి నుంచి చివరి దాకా విన్నాను. స్వరాలన్నీ తప్పు చోట ఉన్నాయి. అయినా వదల్లేదు, రెండోసారి వేశాను. ఈసారి ఎత్తు పట్టించుకోకుండా నడక మాత్రమే విన్నాను. మీరు పరిగెత్తారే! ఐలీన్ పరిగెత్తింది, నువ్వు దాని వెనకే పరిగెత్తావు, ఆ చలిలో, ఆ తొడుగులతో. ముప్పై తొమ్మిదిలో వాయించినవాళ్లు మీ కాలిగోటికి సరిపోరు. రెండో భాగం చివర గాడ్‌ఫ్రీ ఒక చోట తొందరపడ్డాడు. ముక్కు కారుతోందేమో, వదిలేస్తున్నాను.

సరైన శ్రుతిలో తప్పు నడకా, తప్పు శ్రుతిలో సరైన నడకా, నాకు దక్కేది ఈ రెండే. ఇక ఎప్పటికీ రెండూ కలిసి నాకు వినిపించవు. మిగతా అందరికీ వినిపిస్తాయి. వాళ్లకి వినిపిస్తే చాలు అని రాయాలనుకున్నాను గానీ అది నిజం కాదు, చాలదు. అయినా సంతకం పెట్టాను. కాగితం ఇందులోనే ఉంది. రికార్డు అట్ట మీద నా వయసు వెయ్యొద్దని పార్జిటర్‌కి చెప్పు. చెవి సంగతి ఒక్క ముక్క ఎక్కడైనా రాశాడంటే నేనే బస్సెక్కి వస్తాను.

ఇంకో మాట. చెవి జరిగింది గానీ తల జరగలేదు. తలలో మోగేది ఇంకా దాని చోటే ఉంది. పియానో మూత వేసి తాళం పెట్టాను, దాన్ని అడక్కుండానే రాయగలను. సోమవారమే కొత్త క్వార్టెట్ మొదలుపెట్టాను. వయోలాకి కష్టమైనవి చాలా పెట్టాను, ఇప్పటి నుంచే సాధన చెయ్యి.

నెమ్మది రికార్డుని అట్టపెట్టెలో పెట్టి తిప్పి పంపుతున్నాను. నార్మన్‌కి ఇచ్చి, తన చేత్తోనే పగలగొట్టెయ్యమని చెప్పు. నువ్వు దాచిపెట్టకు, నాకు మళ్లీ పంపకు. అది ఇంట్లో ఉంటే నేను ఇంకే పనీ చెయ్యను, రోజూ దాన్నే వింటూ కూర్చుంటాను.

మీ అత్తయ్య
ఎనిడ్ స్కెల్టన్